జామాకు కషాయం, ఈస్టర్ కన్నీళ్లు

ఆ రోజుల్లో మా ఊళ్లో పిల్లలకి చిగుళ్లు వాస్తే అదో జబ్బని ఎవరూ లెక్కచేసేవాళ్లు కాదు. పళ్లు సరిగ్గా తోముకోవని ఒక మొట్టికాయ, అంతటితో సరి. నా పదో ఏట వచ్చిన వాపుని మాత్రం నేను అంత తేలిగ్గా తీసుకోలేకపోయాను. ఈస్టర్ ఇంకా వారం ఉంది. ఆ ఆదివారం చర్చిలో ఇరవై వచనాలు చూడకుండా చెప్పడానికి నన్ను ఎంచారు. నేను చెప్పలేకపోతే ఆ అవకాశం మా పెద్దమ్మ కూతురికి పోతుంది. (అది అప్పటికే కొత్త గౌను కుట్టించుకుని, రోజూ వచ్చి "నొప్పి తగ్గిందా?" అని ఆశగా పరామర్శించి పోయేది.) చచ్చినా ఇవ్వనని ఒట్టు పెట్టుకున్నాను.

మిరపకోతల కాలం. అమ్మ తెల్లారకముందే కూలికి పోయేది. చదువు రాని మనిషి, సాయంత్రాలు నా చేత ఆ వచనాలే చెప్పించుకుని "మైకులో నీ గొంతు వినాలే తల్లీ" అనేది. పగలంతా అమ్మ ఇంట్లో ఉండదు కనక వైద్యం అమ్మమ్మ చేతిలో పడింది. "లేత జామాకులు గుప్పెడు దంచి, మరగబెట్టి, వడకట్టి, గోరువెచ్చగా పుక్కిలించవే. మింగమాక. ఒకపూట ఇది, ఒకపూట ఉప్పునీళ్లు. తోముకోడం మానమాక. తగ్గకపోతే డాక్టరు దగ్గరికే!"

పట్టుబట్టి చేశాను. నాలుగు రోజుల్లో రక్తం ఆగింది, వాపు సగానికి తగ్గింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఈస్టర్ పొద్దున, చర్చికి బయల్దేరేముందు, ఇంకొక్కసారి గట్టిగా చేద్దామని మూడు గుప్పెళ్ల ఆకు రోట్లో వేసి దంచాను. ముందురోజు అమ్మ అదే రోట్లో పండుమిరపకాయల పచ్చడి నూరి, కడగకుండా వదిలేసిందని చూసుకోలేదు. కషాయం నోట్లో పోసుకోగానే నిప్పంటుకుంది. అయినా ఉమ్మలేదు. మంట పుడితే మందు పనిచేస్తున్నట్టేనని నా సిద్ధాంతం. వంద లెక్కపెట్టాకే ఉమ్మాను. (ఎనభై తర్వాత అంకెలు వరసగా వచ్చాయని చెప్పలేను.)

మైకు ముందు నిలబడ్డాను. నోరంతా భగభగ, కళ్లలోంచి ధార, ముక్కు సంగతి అడక్కండి. పెద్దమ్మ కూతురు ముందు వరసలో లేవబోయింది. కూర్చోవే అన్నట్టు ఒక చూపు చూసి మొదలుపెట్టాను. ఒక్క మాట తప్పలేదు. ఐదో వచనానికి ఆడవాళ్లంతా కొంగులు కళ్లకద్దుకున్నారు. "చూశారా, పసిబిడ్డ ఎంత కదిలిపోయిందో!" అన్నారు పాస్టరుగారు గద్గదంగా. అమ్మయితే వెక్కివెక్కి ఏడుస్తోంది. అమ్మమ్మ ఒక్కతే ఏడవలేదు. బయటికి రాగానే నా మూతి వాసన చూసింది.

"రోలు కడిగావటే?"

తల అడ్డంగా ఊపాను.

"మీ అమ్మకి చెప్పమాక. దాని సంబరం దానికుండనీ" అని నా నోట్లో బెల్లంముక్క పెట్టింది.

మొన్న మా అమ్మాయికి చిగుళ్లు వాచాయి. డాక్టరుగారు పళ్లకి పట్టిన గార తీసి, రెండుపూటలా తోమించమని, గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించమని చెప్పారు. నేను గ్లాసు మూడోసారి కడుగుతుంటే అమ్మ పక్కన కూర్చుని మనవరాలికి చెబుతోంది: "మీ అమ్మ నీ అంతప్పుడు చర్చిలో వాక్యం చెబుతా ఎంత ఏడ్చిందనుకున్నావ్! అంత భక్తి మళ్లీ నేను చూళ్లేదమ్మా."

అమ్మమ్మ పోయి చాలా ఏళ్లయింది. నేను గ్లాసు నాలుగోసారి కడిగాను.