నాలుగు గడుల వాన

2012 వానాకాలంలో మామిడిపల్లి దగ్గరి ఒక ప్రాథమిక పాఠశాలకు వారానికి మూడు రోజులు వెళ్లేవాణ్ణి. సర్వే ఆఫీసులో పనిచేసి రిటైరైన నాకు కొలతలు తప్ప పిల్లలకు చెప్పగలిగింది ఏమీ లేదు. రెండో తరగతి వాళ్లచేత చింతగింజలతో పదుల కుప్పలు పెట్టించాను. జానలతో బల్లలు కొలిపించాను. తర్వాత వానను కొలుద్దామని ఒక కూల్‌డ్రింక్ సీసా మెడ కోసి, దాన్ని అందులోనే తలకిందులుగా పెట్టి, పక్కన గీతల కాగితం అంటించాను. ప్రహరీ గోడ పక్కన ఇటుకల మధ్య నిలబెట్టాం. సీసాలో నీళ్లు ఎన్ని గీతలుంటే తరగతిలోని చార్టు మీద అన్ని గడులకు నీలిరంగు వేయాలి.

గీతలు చూసే పని ఒక ఏడేళ్ల అమ్మాయికి ఇచ్చాను. ఆమె తల్లి కూలికి పోతుంది. ఇంట్లో పాకే తమ్ముడున్నాడు.

"ఈ సీసా కోసమే పొద్దున్నే ఉరికొస్తున్నది సార్. లేకుంటే పిల్లగాణ్ణి పట్టుకోమని వాళ్లమ్మ ఎప్పుడో బడి మాన్పించేది" అని టీచరమ్మ మొదటి వారంలోనే చెప్పింది. ఆ మాట డైరీలో రాసుకున్నాను కూడా.

ఆ నెల చార్టులో సున్నాలే ఎక్కువ. టీచరమ్మ సెలవు పెట్టిన ఒక రోజు నేను వెళ్లేసరికి నాలుగు గడులు నీలంగా ఉన్నాయి. బయట చూస్తే నేలంతా ఎండ. శంషాబాద్‌లో మా ఇంట్లో నేను ఐదింటికే లేస్తాను. లేవగానే ఆకాశం చూసి డైరీలో రాయడం ఎన్నో ఏళ్ల అలవాటు. ఆ రోజు 'వాన లేదు' అని రాసే బయల్దేరాను.

"ఈ నీళ్లు ఎక్కడివి?" అని ఆ అమ్మాయిని అడిగాను.

"వాన పడ్డది సార్, పొద్దుగాల్ల."

"నేను ఐదింటి నుంచి మేలుకునే ఉన్న. ఒక్క చుక్క పడలే. వాన లేదని డైరీల గూడ రాసిన. బోరింగు కొట్టి సీసాల నీళ్లు పోసినవా?"

"లేదు సార్. పడ్డది."

"బోరింగు వాన సార్!" అని వెనక వరసలో ఎవరో అరిచారు. తరగతంతా నవ్వింది. వానను చూసిన పిల్లలు కూడా ఆ నవ్వులో కలిశారేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

లెక్కలో అబద్ధం ఉండకూడదని చెప్పి, అందరి ముందూ ఆ నాలుగు గడులను ఎర్రసిరాతో కొట్టేశాను. ఆ అమ్మాయి ఏడవలేదు. బయటికి వెళ్లి, సీసాలో నీళ్లు పారబోసి వచ్చి కూర్చుంది.

'మధ్యాహ్న భోజనం అరగంట ఆలస్యం' అని ఆ సాయంత్రం డైరీలో రాశాను. ఎందుకైందని ఎవరినీ అడగలేదు.

మర్నాటి నుంచి ఆ అమ్మాయి బడికి రాలేదు.

వారం తర్వాత, బడిలో వంట చేసే ఆమెతో "ఇయ్యాల టైముకే పెట్టినవే అక్కా" అన్నాను సరదాగా.

"ఆ దినం నా తప్పేంది సార్? పొద్దుగాల్ల వాన కొట్టి కట్టెలన్ని నానినయి. ఊది ఊది నా కండ్లు పోయినయి!"

ఏ దినమో అడిగాను. అదే రోజు. మా ఇంటికీ బడికీ మధ్య విమానాశ్రయం ఉంది; దానికి అటు కురిసి ఇటు కురవని వానలు నా పాత డైరీల్లోనే ఎన్నో ఉన్నాయి.

టీచరమ్మతో కలిసి ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను. తమ్ముణ్ణి చంకనేసుకుని గడపలో నిలబడి ఉంది.

"తప్పు నాదేనమ్మా. ఆ రోజు వాన పడ్డది."

"నాకెర్కనే సార్" అంది.

లోపలి నుంచి తల్లి వచ్చింది. "సీసా చూడాలె, పోత పోత అని లొల్లి చేసేది సార్. ఆ లొల్లి పడలేకనే పంపిన. ఇప్పుడు అదే పోనంటున్నది. ఇగ నేనెందుకు పొమ్మంట? పిల్లగాణ్ణి పట్టుకుంటది."

టీచరమ్మ ఎంత చెప్పినా ఇద్దరూ వినలేదు.

మర్నాడు చార్టు మీద ఎర్రగీతల పక్కన 'నాలుగు సరైనదే' అని రాసి సంతకం చేశాను. సీసా పని మరో ఇద్దరు పిల్లలకు అప్పగించాను. రెండు రోజులకు మంచి వాన పడింది. నేను వెళ్లేసరికి వాళ్లిద్దరూ నీలిరంగు పెన్సిల్ పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్ల వెనకే సీసాలో నీళ్లు స్పష్టంగా కనబడుతున్నాయి. చార్టు మాత్రం ఖాళీగా ఉంది.

"సార్, మీ డైరీల ఎంతున్నది?" అని అడిగారు.