గజ్జెల గూఢచారి

శామీర్‌పేటలో మా ఆఫీసు పని చెప్పుకోవడానికి గొప్పగానే ఉండేది. నిజాం జమానా నాటి ఉర్దూ పోలీసు కాగితాలను కంప్యూటర్ చేత చదివించి, అప్పట్లో ఎవరు ఎవరి మీద నిఘా పెట్టారో తేల్చడం. కంప్యూటర్‌కేం తెలుసు పాపం! ఏ మాట కనిపిస్తే గూఢచారి అనుకోవాలో మనమే పట్టిక రాసివ్వాలి. ఆ పట్టిక నాది. గుంటూరులో పుట్టి పెరిగి, పెళ్లయ్యాక పేట్ బషీరాబాద్ చేరినదాన్ని. నా ఉర్దూ అంతా నిఘంటువుల్లోంచి ఏరుకున్నదే. ‘హర్కారా’ అన్న మాటకు ఒక పాత నిఘంటువులో ‘వేగులవాడు’ అని కనిపించింది. ఎక్కించేశాను. దాని కింద ఇంకేం రాసుందో చూడలేదు.

కంప్యూటర్ మేడ్చల్ చుట్టూ గూఢచారుల వల ఒకటి గీసిచ్చింది. మా సార్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఊళ్లతో, మనుషుల పేర్లతో సహా దాన్ని పెద్ద బోర్డుగా అచ్చు వేయించి, మేడ్చల్లో ఒక కాలేజీ హాల్లో పెట్టించారు.

వారం తిరక్కుండా అత్వెల్లి నుంచి ఒక పెద్దాయన ఆఫీసుకొచ్చాడు. కూరగాయలు పండించి రోడ్డు పక్కనే అమ్ముకునే సాయిబు. చేతిలో పాత కర్ర, దాని కొసన చిలుము పట్టిన గజ్జెలు.

“మా దాదా పేరు గా బోర్డు మీద ఎందుకు రాసిన్రమ్మా? ఊర్ల అందరు మమ్మల్ని జాసూసోల్లు అంటున్రు. గా మాట పడలేక నా కొడుకు మసీదుకు పోవుడు గూడ బంద్ జేసిండు” అన్నాడు. “మా దాదా టపా హర్కారా. ఉత్తరాల సంచి భుజానేసుకొని మేడ్చల్ దాకా ఉరికెటోడు. తొవ్వల పాములు గీములు జరగాలని గీ గజ్జెలు. గజ్జెలు మోగిచ్చుకుంట ఎవడన్న జాసూసీ జేస్తడా? మీరే చెప్పున్రి!”

నా మొహం మాడిపోయింది. ఆయన్ని కూర్చోబెట్టి కాగితాలు తీశాను. వాళ్ల తాత పేరున్న ప్రతిచోటా పక్కనే ‘టపా’ అని ఉంది, ‘సంచి’ అని ఉంది. అన్ని కాగితాలనూ కంప్యూటర్‌కు తినిపించాం గానీ, మాలో ఒక్కరం కూడా ఒక్కటీ చదివిన పాపాన పోలేదు.

సార్‌కు చెప్పాను. బిస్కెట్ టీలో ముంచుకుంటూ విన్నారు. “ఇంత పెద్ద పనిలో ఒకటీ అరా తప్పులు మామూలేనమ్మా. ఆయన్ని కాగితం ఏదైనా పట్టుకు రమ్మను. గజ్జెలు ఆధారమెలా అవుతాయి?” అన్నారు.

ఛీ, ఏం మనుషులం! ఒకడికి గూఢచారి అని పేరు పెట్టడానికి మాకు ఏ ఆధారమూ అక్కర్లేకపోయింది. దిద్దడానికి మాత్రం ఆయన కాగితం తేవాలట.

పట్టికలో ఆ మాటకు ‘ఉత్తరాలు మోసేవాడు’ అని దిద్ది మళ్లీ నడిపించాను. వల మొత్తం ఊడిపోయింది. ఉత్తరాలు వెళ్లే దారి ఒక్కటే మిగిలింది. సార్ అది చూసి, “ఇది చూపిస్తే మనల్నెవరు పట్టించుకుంటారు? పాతదే ఉండనీ” అని రెండో బిస్కెట్ తీసుకున్నారు. నోరెత్తకుండా నా కుర్చీలోకి వెళ్లి కూర్చున్నాను. ఆయన కంటే నా మీదే ఎక్కువ రోత పుట్టింది.

మర్నాడు అత్వెల్లి వెళ్లాను. పెద్దాయన పాలకూర కట్టల మీద నీళ్లు చిలకరిస్తున్నాడు.

“పేరు తీసిన్రా అమ్మా?”

“లేదండీ. సార్ ఒప్పుకోలేదు.” ఇక దాచలేకపోయాను. “అసలు హర్కారా అంటే గూఢచారి అని రాసింది సార్ కాదు. నేనే.”

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. చేతిలో చెంబు కింద పెట్టాడు.

“నువ్వా? గట్లెట్ల రాసినవమ్మా?”

“పుస్తకం చూసి రాశానండీ.”

“శామీర్‌పేట ఏమన్న దూరమా? ఒక్కపారి వచ్చి అడిగితే చెప్తుంటి గదా” అన్నాడు.