తుప్పు పట్టే గాలం

మా తోడల్లుడికి గాలం ముల్లు కొనడమూ నగ కొనడమూ ఒకటే. మెరవాలి, పెట్టె బాగుండాలి, పది మందికీ చూపించుకోవాలి. జన్వాడలో ఫామ్‌హౌస్ కొన్న ఏడాదే ఆయనకు చేపల పిచ్చి పట్టుకుంది. అంతకుముందు చేపను పులుసులో తప్ప చూసిన మనిషి కాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ప్రతి ఆదివారం తెల్లారకుండానే గండిపేటలో మా అపార్టుమెంటు కింద హారన్ కొట్టేవాడు. టోపీ, నల్లద్దాలు, ఒంటినిండా జేబులున్న చొక్కా. ఆ జేబుల్లో ఏముందో ఆయనకే తెలియదు.

నేను చాలా ఏళ్లుగా డ్రై ఫ్లైలు కడుతున్నాను. అంటే చిన్న గాలం ముల్లు మీద కోడి ఈకా దారమూ చుట్టి, నీటి మీద తేలే ఉత్తుత్తి పురుగును తయారు చేయడం. ఈకలు మొయినాబాద్‌లో నాటుకోళ్లు కోసే దుకాణంలో తెచ్చుకుంటాను. పుంజు మెడ ఈకలే కావాలని అడిగితే మొదట్లో చేతబడి చేస్తానేమోనని అనుమానపడ్డారు. తొలకరికి ఉసిళ్లు లేచి నీళ్ల మీద రాలినప్పుడు పరక చేపలు పైకొచ్చి గుటుక్కున మింగుతాయి. నేను కట్టేది ఆ ఉసిళ్లనే. ముల్లు సన్నటి తీగతో చేసిందై ఉండాలి, లేకపోతే పురుగు మునిగిపోతుంది. మరీ సన్నమైతే చేప లాగగానే సాగిపోతుంది. ఇదంతా ఈ పని తెలిసినవాడు ఎవడైనా చెబుతాడు. నా సొంత నియమం ఇంకొకటి ఉంది. ముల్లు తుప్పు పట్టాలి.

దానికి కారణం ముడిమ్యాలలో నేను వెళ్లే కుంట. చుట్టుపక్కల నీళ్లన్నిటికీ ఎవడో ఒకడు ఫెన్సింగు వేసేశాడు. నన్ను రానిచ్చేది అదొక్కటే. దాని పక్క పొలాలు ఒక మాజీ సర్పంచ్‌వి, ఆయన బర్రెలు ఆ కట్ట మీదే మేస్తాయి. మొదటి రోజే కరాఖండిగా చెప్పాడు.

"చేపలు వట్టుకో, ఇడిసిపెట్టు, నాకేం ఫికర్ లేదు సారూ. ముల్లు మాత్రం గడ్డిల వడొద్దు. వడ్డదంటే మల్ల నువ్వు ఇటు దిక్కు రావద్దు."

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎప్పుడో ఒకటి తెగి పడుతుంది. అందుకని, పడినా మట్టిలో కలిసిపోయే రకమేదో తేల్చుకోవాలనుకున్నాను. దొరికిన ప్రతి రకంలోంచి ఒకటి తీసి, బాల్కనీలో కరివేపాకు కుండీలో పాతి చూశాను. కుండీలో చెయ్యి పెట్టాలంటే భయమేస్తోందని మా ఆవిడ గొడవ. చివరికి అన్నిటికంటే నాసిరకం, గోధుమరంగు ముల్లు ఒక్క వానాకాలానికి పొడి పొడి అయిపోయింది. అప్పటినుంచి అదే వాడాను. ఆ ఎంపిక మీద నాకెంత గర్వమో చెప్పలేను. అందరూ చేప గురించే ఆలోచిస్తారు, నేను బర్రె గురించి కూడా ఆలోచించాను కదా!

తోడల్లుడు దాన్ని వేలి కొసన పెట్టుకుని, "ఇదేంటి అన్నయ్యగారూ, గుండుసూదిలా ఉంది?" అన్నాడు. తనవి స్టెయిన్‌లెస్ స్టీలు, జపాన్ సరుకట. "మన మనవలు కూడా వాడుకోవచ్చు. తుప్పన్న మాటే లేదు." సర్పంచ్ పెట్టిన షరతు చెప్పాను. నా ముళ్లే ఇస్తాను, వాటితో కట్టుకోమన్నాను. "బర్రెలు ముళ్లు తింటాయా ఏంటి? మరీ అంత తెలివితక్కువవా?" అని నవ్వాడు. తెలివిలో తాను బర్రెకంటే ఒక మెట్టు పైనున్నానని ఆయన నమ్మకం.

ఇక ఆయన గాలం విసరడం. దారం వెనక్కి పూర్తిగా చాచుకోకముందే ముందుకు లాగేవాడు. ఛెళ్లుమని కొరడా మోత, కొసనున్న పురుగు తెగి వెనక గడ్డిలోకి. చేప పడకపోతే తప్పు కర్రది, గాలిది, ఆఖరికి కుంటది. ఆడలేక మద్దెల ఓడు. తెగిపడ్డవాటి కోసం నేను మోకాళ్ల మీద పాకుతుంటే, "పోనీండి, ఇంకా బోలెడున్నాయి," అంటూ కారులోంచి కూల్‌డ్రింకు తెచ్చుకునేవాడు. మా మామగారికి అల్లుళ్ల విషయంలో ఒక్కసారే అదృష్టం కలిసొచ్చింది.

అలాంటి ఒక ఆదివారం గడిచిన మర్నాడు పొద్దున్నే సర్పంచ్ ఫోన్ చేశాడు. "జల్ది రా సారూ. నీ సడ్డకున్ని గూడ తోల్కరా." తోడల్లుడి కారులోనే వెళ్లాం. అప్పటికే చేవెళ్ల పశువుల దవాఖాన నుంచి డాక్టరు వచ్చి ఉన్నాడు. పాలిచ్చే బర్రెను ఇద్దరు అదిమి పట్టుకుంటే, నోరు తెరిపించి నాలుకలో దిగిన ముల్లు తీస్తున్నాడు. నురగ నిండా నెత్తురు. అది ఒకటే అరుపు. బయటికి వచ్చిన ముల్లు మాత్రం తళతళలాడుతోంది.

అది అంత బాధపడుతున్నా నాకు లోలోపల సంతోషమే కలిగింది. వెంటనే నా డబ్బా తెరిచి చూపించాను. "చూడండి, ఇది నాది కాదు. నావన్నీ తుప్పు పట్టే రకం. గడ్డిలో పడినా మట్టిలో కలిసిపోతాయి."

సర్పంచ్ డబ్బా వైపు చూడనే లేదు. "ఎన్ని దినాలకు కలుస్తది?"

"ఒక వానాకాలం," అన్నాను.

"గప్పటిదాంక నా బర్రె మెయ్యకుంట ఉపాసముంటదా?"

నేను డబ్బా మూశాను. ఆయన బర్రె మూతి కడుగుతూ, మా వైపు తిరక్కుండానే అన్నాడు. "మీరిద్దరు మల్ల గీ కట్ట ఎక్కొద్దు."

ఇద్దరు! నన్నూ ఆయన్నీ ఒకే గాటన కట్టేశాడు. కాదని చెప్పబోయేలోగా మా తోడల్లుడు నల్లద్దాలు తీసి, పెద్దమనిషిలా తలూపాడు. "ఆయనన్నది పాయింటే అన్నయ్యగారూ. మీరిది ముందే ఆలోచించాల్సింది."

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. ఆవిడ మీద నాకు ఆ రోజు ఎక్కడలేని జాలి కలిగింది. వచ్చింది ఆయన కారులో కాబట్టి పోవాల్సిందీ అందులోనే. ముడిమ్యాల నుంచి గండిపేట దాకా, దారి పొడుగునా, గాలం ముల్లు ఎలా ఎంచుకోవాలో ఆయన నాకు వివరంగా చెప్పాడు.