మనం తినేది, చుట్టాలకు చెప్పేది: సెక్టర్ 2 నుంచి కుమ్హారి దాకా ఒక రోజు

ఇందుమూలంగా భిలాయి సెక్టర్ 2 వాసులకూ, ఈ బ్లాగు చదివే యాత్రికులకూ గంభీరంగా ప్రకటించడమేమనగా: ఈ ఊళ్లో అందరికంటే గొప్ప కడుపు నాది. సైజు సంగతి కాదు, అది మా ఆవిడ రోజూ ప్రకటిస్తూనే ఉంది. లోపల కాపురముంటున్న సూక్ష్మజీవుల సంగతి. మా అన్నయ్య కూతురు హారిక చేస్తున్న పరిశోధనలో నా నమూనాకే మొదటి ర్యాంకు వచ్చింది. పదో తరగతి తప్పినవాడికి ర్యాంకు రావడం ఇదే మొదలు కాబట్టి వీధంతా టముకు వేసుకున్నాను.

ప్రయాణం ఎందుకు మొదలైందో చెప్తాను. హారిక ఈ ఊళ్లోనే పుట్టి, చదివి, డాక్టరేటు కూడా అయ్యాక ఇప్పుడు పుణెలో ఆపై పరిశోధన చేస్తోంది. జనం మలం నమూనాల్లో ఉండే సూక్ష్మజీవుల డీఎన్‌ఏను యంత్రం చదివి పెడుతుంది. ఎవరి పేగుల్లో ఏ రకం ఎంత ఉంది, తిండికీ దానికీ పొత్తు ఏమిటి అన్నది ఈ పిల్ల కంప్యూటర్లో లెక్క తేలుస్తుంది. నాకర్థమైనంతలో ఇవి పేగులకు జనాభా లెక్కలు. పోయినేడు మా సెక్టర్‌లోని తెలుగు ఇళ్ల నుంచీ, పక్కనున్న ఉతై ఊళ్లోని ఛత్తీస్‌గఢీ ఇళ్ల నుంచీ నమూనాలు పట్టుకెళ్లింది. లెక్క వేస్తే రెండు చోట్ల కడుపులూ అన్నదమ్ముల్లా ఒకే పోలికతో వచ్చాయి. వాళ్లు చెప్పిన తిండి చూస్తే ఏ పోలికా లేదు. "డబ్బాలు తారుమారు చేసి ఉంటావు. భిలాయివన్నీ తీసిపారెయ్" అన్నాడట వాళ్ల పెద్ద సారు. అవి పోతే ఆమె పనిలో మిగిలేది శూన్యం, ఫెలోషిప్పు పొడిగింపు అంతకన్నా శూన్యం. అందుకని శనివారం తెల్లవారే సరికి మా గుమ్మంలో దిగింది. సాయంత్రం రాయపూర్‌లో రైలెక్కేలోగా ఆ పోలికకు ఏదో ఒక కారణం దొరకాలి.

"నేను తారుమారు చెయ్యలేదు చిన్నాన్నా, కసమ్ సే" అని ఒట్టేసింది. మొహం చూస్తే వెటకారం ఆడబుద్ధి కాలేదు. నాకది అరుదు.

ఏప్రిల్ ఎండ కాబట్టి ఏడింటికే బయల్దేరాం. రామ్‌దయాళ్ భయ్యా ఆటోను రోజంతటికీ, చివర రాయపూర్ స్టేషన్ దాకా, పదిహేను వందలకు మాట్లాడాను. నాస్తా అయిందా అని అడిగితే, "పోహా, జలేబీ ఖాకే నిక్లా హూఁ" అని, తినే బయల్దేరానన్నట్టు కడుపు నిమిరి చూపించాడు. హారిక చేతిలోని ఐసు పెట్టె వైపు కన్నేసి, "ఇస్ మే క్యా హై భయ్యా?" అన్నాడు. మలం నమూనాలకు ఖాళీ డబ్బాలని ఎవరు చెప్తారు? "పెళ్లి మిఠాయి" అన్నాను. హారిక నా మోచెయ్యి గిల్లింది. ఆ తరవాత ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా ఆటో పురిటిబిడ్డను మోసినట్టు నడిచింది.

మొదటి మజిలీ మా వెనక లైనులోనే. పార్వతమ్మ పిన్ని, ఉక్కు ప్లాంటులో రిటైరైన బాబాయి భార్య, విజయనగరం నుంచి కాపురానికొచ్చి ఇక్కడే ముసలైంది. హారిక మర్యాదగా అడిగింది. పిన్ని అంతకన్నా మర్యాదగా, "పొద్దున్న బ్రెడ్డు జాము తల్లీ. మద్దేనం రొట్టె, పప్పు" అంది. పోయినేడు చెప్పిందీ అదే. హారిక చెప్పులేసుకుంటుంటే భుజాలు కిందికి జారాయి.

అక్కణ్ణుంచి ఉతై అరగంట పైన పడుతుంది. ఊరు దాటాక రోడ్డు బాగుంటుంది గానీ నీడ ఉండదు, నీళ్ల సీసా మరవకండి. పోయినేడు నమూనా ఇచ్చిన దులారీ దీదీ ఇంటికి చేరాం. మమ్మల్ని చూడగానే పొయ్యి మీద నూనె పెట్టి పూరీలకు పిండి కలపడం మొదలెట్టింది. ఏం తింటారంటే, "పూరీ, ఆలూ సబ్జీ" అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. రోజూ పూరీలు తినే ఇంట్లో మమ్మల్ని చూశాక పిండి కలపడమేమిటి? పైగా లోపలి గదిలోంచి పచ్చి ఉల్లిపాయ వాసన.

నాలో దెయ్యం నిద్ర లేచింది. పొట్ట పట్టుకుని మూలిగాను. "దీదీ, డాక్టర్ నే పూరీ మనా కియా హై. కుఛ్ ఠండా హో తో..." డాక్టరు పూరీలు వద్దన్నాడు, చల్లటిదేమైనా ఉంటే చాలు, అని. 

దీదీ కంగారుగా చూసి, తరవాత నెమ్మదిగా, "బాసీ చల్ హీ కా?" అంది. బాసీ పనికొస్తుందా అని. చలేగా అన్నాను. లోపల్నుంచి కంచు గిన్నె వచ్చింది. రాత్రి నీళ్లలో నానేసిన అన్నం, పులిసిన వాసన, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మూత తీయగానే హారిక గిన్నె మీదికి వంగి వాసన చూసింది. "దీదీ, యే రోజ్ ఖాతే హో?"

"గర్మీ భర్ రోజ్." ఎండాకాలమంతా రోజూనట.

"తో బతాయా క్యోఁ నహీఁ?" మరి చెప్పలేదేం, అంది హారిక.

దీదీ చెంగు నోటికడ్డం పెట్టుకుంది. "తుమన్ పహునా ఆయే రహేవ్ బేటీ. పహునా ల బాసీ బతాయ మ లాజ్ లాగథే." మీరు చుట్టాలుగా వచ్చారు, చుట్టాలతో బాసీ తింటామని చెప్పడానికి సిగ్గు, అని. హారిక అడిగింది నువ్వేం తింటావని. ఆమె చెప్పింది ఇంటికొచ్చినవాళ్లకు ఏం పెడతానో అది. ఇంతాచేసి జరిగింది ఇంతే. నేను రెండో గిన్నె కూడా కానిచ్చాను. పూరీలు రామ్‌దయాళ్ కానిచ్చాడు.

ఆటోలో హారిక ఉన్నట్టుండి, "చిన్నాన్నా, మనవాళ్లు కూడా...?" అంది. "పార్వతమ్మ పిన్నిది బ్రెడ్డు తినే మొహమా?" అన్నాను. రాయపూర్ దారిలో ఉన్న కుమ్హారి వెళ్లాలంటే ఎలాగూ మా సెక్టర్ మీదుగానే రావాలి. మళ్లీ పిన్ని గుమ్మం ఎక్కాం.

"పిన్నీ, నిజం చెప్పు. బ్రెడ్డు ఎవులు తింతారు?" అన్నాను.

"మా మనవడు తింతాడు."

"మరి నువ్వేటి తింతావు?"

"నన్నడిగీవోడివి నువ్వేటి తింతావురా, ఊరంతా టముకేసీనావు?"

"తరవాణి. నాను సిగ్గునేకుండా డబ్బా నింపి ఇచ్చీసినాను. నీకేటి సిగ్గు?"

పిన్ని కోడలి గది వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "ఆ పిల్లకి వాసన పడదురా. పైగా డాక్టరమ్మ రాసుకుంటే, ఈలు బీదోలు, సద్ది తింతారు అనుకోరూ?" అని బాల్కనీలో కూలరు వెనక నుంచి మూతగుడ్డ కట్టిన కుండ తెచ్చింది. తెలియనివాళ్లకు చెప్తాను: తరవాణి అంటే గంజి పులియబెట్టే కుండ. ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యరు. అడుగున కాస్త ఉంచి దాని మీదే రోజూ కొత్త గంజి పోస్తారు. ఆ పులుపులోనే అన్నం నానేసి తింటారు.

"మా అత్త రైల్లో ఒళ్లో పెట్టుకు తెచ్చింది" అంది పిన్ని, ఇప్పుడు గర్వంగా. "ఈ లైన్లో అందరికీ నా కుండలోదే. చర్చి కాడ ఎస్తేరు వదినక్కూడా."

హారిక పిన్నిని కావలించుకుంది. "ఓసోసి, ఏటే, కుండ ఒలికిపోతాది!" అని పిన్ని కేకలు. ఒక డబ్బాలో తరవాణి పట్టుకుని ఐసు పెట్టెలో పెట్టాం.

కుమ్హారి దగ్గర హైవే పక్క ఢాబాలో టీకి ఆగాం. అక్కణ్ణుంచే హారిక సారుకు ఫోన్ చేసింది. అంతా విని సారు, "ముందు ఆ పులుపును పరీక్షించు. తేలేదాకా భిలాయి నమూనాలు తియ్యొద్దు" అన్నాడు. ఫోన్ పెట్టేసి, "ఇది రుజువు కాదు చిన్నాన్నా, దారి మాత్రమే" అంది. ఆ మాట అంటూ రెండు సమోసాలు తింది. పొద్దుట్నుంచీ ఆ పిల్ల తిన్న మొదటి తిండి అదే.

ఇంతలో రామ్‌దయాళ్ ఓపిక చచ్చి, "అబ్ తో మిఠాయి ఖిలావో" అన్నాడు. హారిక నవ్వుతూ పెట్టె తెరిచి నిజం చెప్పింది: ఇది ఆంధ్రా బాసీ అని. వాసన చూడగానే అతని మొహం వెలిగింది. "అరే, బాసీ! సుబహ్ వహీ తో ఖాకే నిక్లా!" పొద్దున్న అదే తిని బయల్దేరాడట.

"మరి పోహా, జలేబీ?" అన్నాను. తల గోక్కున్నాడు.

ఇన్నేళ్లూ ఉక్కు తయారుచేసే ఊళ్లో బతుకుతూ, ఒకరి భాష ఒకరికి సగమే వస్తుందని, ఒకరి పండగ ఒకరికి రాదని అనుకుంటూ వచ్చాం. కూలరు వెనకా, లోపలి గదిలోనూ దాచిన కుండలు మాత్రం ఎప్పుడో చుట్టరికం కలుపుకున్నాయి. ఆ సంగతి ముందు కనిపెట్టింది హారిక కంప్యూటరే. దాన్ని నమ్మడానికి మాకు ఒక రోజు పట్టింది. అటు వెళ్లే యాత్రికులకు నా సలహా ఒక్కటే: ఎవరింటికెళ్లినా "మీరేం తింటారు" అని అడక్కండి, "మీరు తినేదే నాకూ పెట్టండి" అనండి.

ఇక చివరి మాట. నా కడుపుకు మొదటి ర్యాంకు అన్నది పూర్తిగా కల్పితం. ర్యాంకు దాకా ఎందుకు, నేను నమూనాయే ఇవ్వలేదు. సిగ్గేసింది. పోయినేడు హారిక ఇచ్చిన డబ్బాలో వక్కపలుకులు పోసుకున్నాను. ఆమెకు తెలుసు. రోజంతా నా టముకు వింటూ నోరు మెదపలేదు. రాయపూర్‌లో రైలు కదిలే ముందు కిటికీలోంచి ఒక కొత్త డబ్బా నా చేతిలో పెట్టి, "ర్యాంకు రావాలంటే ముందు పరీక్ష రాయాలి చిన్నాన్నా" అంది.

రేపు పొద్దున్నే రాస్తున్నాను.