ఎండలో ఉడకని అన్నం

మన దేశంలో ఎండంతా వృథాగా పోతోందని మావారు ఎగ్జిబిషన్‌లో విని వచ్చి నాతో చెప్పినప్పుడు నాకు ఒళ్ళు మండింది. వృథా ఎక్కడ పోతోంది? ఏప్రిల్‌లో మా వాషర్‌మెన్‌పేట ఇంటి మిద్దె ఎక్కితే కాలు పెట్టడానికి చోటుండదు. ఒక మూల గుమ్మడి వడియాలు, ఒక మూల మిరపకాయలు, ఏడాదికి సరిపడా చింతపండు, నడుమ నల్లులు చావడానికి పరిచిన పరుపులు. గోడవారగా ఇత్తడి గంగాళం నిండా నీళ్ళు పోసి పెడితే సాయంత్రానికి పిల్లల స్నానానికి చాలినంత కాగేవి. ఇవన్నీ ఆడవాళ్ళు చేసే పనులు కాబట్టి వాటిని సూర్యశక్తి అని ఎవరూ అనలేదు. ఒక పెట్టెకు అద్దం తగిలించి, పక్కన ప్యాంటు వేసుకున్నాయన నిలబడి ఇంగ్లీషులో చెప్పేసరికి అది సూర్యశక్తి అయింది.

ఆ పెట్టెను మావారు కొనుక్కుని రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని మరీ తెచ్చారు. ట్రాములు ఆగిపోయిన మరుసటి వేసవి అది. చెక్క పెట్టె, లోపలంతా నల్లరంగు వేసిన రేకు, పైన గాజు మూత, మూత వెనక తెరిచి నిలబెట్టడానికి ఒక అద్దం. అద్దం మీద పడిన ఎండ పెట్టెలోకి మళ్ళుతుంది, గాజు ఆ వేడిని బయటికి పోనివ్వదు, లోపల పెట్టిన అన్నం ఉడుకుతుంది. దానితో పాటు మూతలున్న రెండు నల్ల డబ్బాలు ఇచ్చారు. ఎలా వాడాలో చెప్పే ఇంగ్లీషు కాగితం కూడా ఒకటి ఇచ్చారు. దాన్ని మావారు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు.

మా అత్తగారు దాని చుట్టూ ఒకసారి తిరిగారు.

"ఏందిరా ఇది, శవప్పెట్టె మాదిరి ఉండాది?"

"పొయ్యి అమ్మా. కట్టెలు అక్కర్లేదు, పొగ ఉండదు."

"నిప్పు లేని పొయ్యి ఏందిరా? నీకు ఎవురో టోపీ పెట్టినారు."

నేనూ నవ్వాను. కానీ నవ్వుతూనే ఒక ఆలోచన చేశాను. అది చెప్పాలంటే మా ఇంటి మధ్యాహ్న భోజనం సంగతి చెప్పాలి.

మా మామగారికి జార్జి టౌన్‌లో పప్పుల మండీ. పన్నెండున్నరకు ఇంటికి వచ్చి భోంచేసి, కాసేపు నడుం వాల్చి మళ్ళీ వెళ్తారు. అప్పుడు విస్తట్లో పడే అన్నం పొయ్యి మీద నుంచి అప్పుడే దిగి ఉండాలి. కూర, చారు పొద్దున చేసినవైనా సరే, అన్నం మాత్రం వార్చి గంట దాటితే ఆయన దృష్టిలో చద్దన్నమే. వంటమనిషి చేతి కూడు తినరు. కిరసనాయిలు స్టవ్వు మీద వండితే అన్నం కంపు కొడుతుందంటారు. మా అత్తగారికి రెండు కళ్ళకూ శుక్లాలు తీశారు, పొయ్యి దగ్గర కూర్చోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. కాబట్టి రోజూ పదకొండున్నరకు కట్టెల పొయ్యి ముందు కూర్చోవలసిన మనిషిని నేనే. బి.ఏ. ప్యాసయి ఇరవై ఏళ్ళయింది. సర్టిఫికెట్టు పట్టుచీరల అడుగున ట్రంకుపెట్టెలో ఉంది, దానికి కూడా కర్పూరం వాసన పట్టింది.

ఆ ఏడు దగ్గరలోని ఆడపిల్లల హైస్కూలులో తెలుగు, చరిత్ర చెప్పడానికి టీచరు కావలసి వచ్చింది. ఆంధ్ర విడిపోయాక ఉన్న తెలుగు టీచరమ్మ గుంటూరు వెళ్ళిపోయింది. హెడ్‌మిస్ట్రెస్ నాకు కబురు పెట్టింది. జూన్‌లో చేరాలి, మే నెలాఖరులోపు జవాబు చెప్పాలి. నా వయసు అప్పటికి నలభై దాటింది. ఇంకోసారి ఎవరూ పిలవరని నాకు తెలుసు.

పెట్టెలో తొమ్మిదిన్నరకు బియ్యం పెడితే పన్నెండున్నరకు అన్నం అవుతుందని మావారు అన్నారు. పొగ లేదు కాబట్టి దించే పని అత్తగారు చేసుకోగలరు. అలా అయితే నేను బడికి వెళ్ళవచ్చు. ఆ మాట మామగారి చెవిన వేశాము. ఆయన నాతో సూటిగా మాట్లాడరు. నేను ఎదురుగా ఉన్నా సరే, మాట అత్తగారి మీదుగానే రావాలి.

"కోడలు పిల్లకి చెప్పు. ఎనిమిది దినాలు చూస్తాం. పన్నెండున్నరకి పొగలు కక్కతా అన్నం పడితే బడికి పోనీ. పడకపోతే ఈ మాట ఇంకోసారి ఎత్తొద్దని చెప్పు."

"ఈడే నిలబడుండాది గదా, మీరే చెప్పండి."

"చెప్పినా గదా ఇప్పుడు!"

ఆ ఎనిమిది రోజులూ నేను బడికి వెళ్ళినట్టే ఉండాలన్నది మామగారి షరతు. తొమ్మిదిన్నరకు డబ్బాల్లో బియ్యం, పప్పు, నీళ్ళు పోసి, పెట్టెలో ఉంచి దిగి వచ్చేయాలి. ఆయన తిని లేచేదాకా వంటింట్లో గాని, మిద్దె మీద గాని అడుగు పెట్టకూడదు. నేను వీధి గదిలో కుర్చీ వేసుకుని, చరిత్ర పుస్తకం తెరుచుకుని, ఇంట్లో ఉండి ఇంట్లో లేని మనిషిలా కూర్చునేదాన్ని.

"అమ్మాయ్, ఇంగువ డబ్బీ యాడ పెట్టినావు?" అంటూ అత్తగారు గదిలోకి వచ్చేవారు. నేను నోరు తెరిచేలోపు, "ఓ, నువ్వు ఈడ లేవు గదా" అని వెనక్కు తిరిగేవారు. కాసేపటికి వంటింట్లో నుంచి డబ్బాలన్నీ కిందామీదా పడుతున్న చప్పుడు. దాన్ని వింటూ అక్బరు గురించి చదవడం ఎంత కష్టమో చదివినవాళ్ళకు గాని తెలియదు.

మొదటి రోజు అన్నం మల్లెపువ్వులా వచ్చింది. మామగారు మారు వడ్డించమన్నారు. రెండో రోజూ బాగానే ఉంది. నేను మనసులో అప్పుడే బడికి ఏ చీర కట్టుకోవాలో ఆలోచించడం మొదలుపెట్టాను. మూడో రోజు మెతుకు కొంచెం బిరుసుగా ఉంది. నాలుగో రోజు ఆయన ఒక మెతుకు తీసి బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కి, అది నలగకపోతే ఎత్తి దీపం దగ్గర రత్నాన్ని చూసినట్టు చూశారు. అయిదో రోజు తినలేదు. అరటిపండు, పెరుగు తీసుకుని లేచారు.

"నానబెట్టిన బియ్యం ఇది. అన్నం కాదు. మూడు దినాలుండాయని చెప్పు."

మావారు ఆఫీసు నుంచి వచ్చి పెట్టెను అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. ఒక రోజు సముద్రపు గాలి తప్పన్నారు. ఒక రోజు మిల్లుల పొగ వల్ల ఎండలో బలం తగ్గిందన్నారు. అద్దం ఇంకొంచెం వంచాలన్నారు. వంచితే ఎండ సూటిగా పక్కింటి వంటింట్లోకి కొట్టి, ఆ ఇంటి అరవావిడ కిటికీలోంచి మా వంశాన్నంతా తిట్టింది.

"ఏమండీ, మొదటి రెండు రోజులూ సముద్రానికి గాలి లేదా?" అన్నాను నేను.

"సైన్సులో ఇట్టాంటివి ఉంటాయి. ఓపిక పట్టాల."

"ఓపిక నాది, సైన్సు మీదా? ఇంకో మూడు రోజులు పోతే బడి పోతుంది. మీకేం పోతుంది?"

"పెట్టె పోతుంది గదా" అన్నారు దిగులుగా. అప్పుడు నేను మాట్లాడిన మాటలు ఇక్కడ రాయను. పిల్లలు కూడా చదువుతారు.

ఆరో రోజు షరతు తెంచేశాను. పదకొండు గంటలకు పుస్తకం మూసి, చెప్పులు కూడా వేసుకోకుండా మిద్దె ఎక్కాను. మా మిద్దెకు సున్నం కొట్టించారు. దాని మీద ఎండ చురుక్కుమన్నా నడవవచ్చు. నడుమ ఒక పగులు ఉంటే కిందటేడు తారు పోసి పూడ్చారు. పెట్టె మీదే చూపు పెట్టి నడుస్తూ ఆ తారు మీద కాలు వేశాను. నిప్పు తొక్కినట్టయింది. "అబ్బా!" అని ఒంటికాలి మీద గెంతి పక్కనున్న తెల్లటి సున్నం మీద నిలబడ్డాను. అక్కడ హాయిగా ఉంది. జానెడు దూరం. అదే ఎండ. ఇక్కడ కాలుతోంది, అక్కడ కాలడం లేదు.

పెట్టె మూతలోంచి లోపలికి చూశాను. డబ్బాలు రెండూ వెండి గిన్నెల్లా మెరిసిపోతున్నాయి. మూత తీసి వంగితే నా మొహం నాకు కనబడింది. నల్లరంగు పిసరంత కూడా లేదు.

రోజూ పొద్దున వాటిలో బియ్యం పోసింది నేనే. రోజు రోజుకూ అవి తెల్లబడుతుంటే చూస్తూనే ఉన్నాను. పైగా ఎంత శుభ్రంగా ఉన్నాయో అని మురిసిపోయాను కూడా. మా ఇళ్ళలో గిన్నె మెరిస్తే అంతకు మించిన మంచి ఇంకేముంటుంది? పెళ్ళిచూపుల్లో పిల్ల మొహం తరువాత చూసేది వంటింట్లో గిన్నెల అడుగులే. ఆ బుద్ధి బి.ఏ. చదివినా వదల్లేదు.

దిగి వచ్చి, "అత్తయ్యా, ఈ డబ్బాలు ఎవరు తోముతున్నారు?" అన్నాను.

"ఇంకెవురు? నేనే."

"దేనితో?"

"ఇటిక పొడి, బూడిద, కొబ్బరి పీచు. ఏందో మసి పట్టుకోని ఉండె. చేతికి గరగరమంటా ఉండె. నాలుగు దినాలు రుద్దితే గాని పోలా. నా భుజాలు పడిపోయినాయి. బడి నుంచి అలిసిపోయి వచ్చి ఆ మాడు గిన్నెలు తోముకుంటా కూచుంటావా, కనీసం అదైనా నేను చేసి పెడదామని..."

ఆవిడ కుళాయి దగ్గర కూర్చునేటప్పుడు నీళ్ళు పడతాయని కళ్ళజోడు తీసి పక్కన పెడతారు. రంగో, మసో ఎలా తెలుస్తుంది? నేను బడికి వెళ్ళాలని ఆవిడ పడిన కష్టమే నా బడికి అడ్డం వచ్చింది. తిట్టడానికి కూడా వీల్లేని మనిషి దొరికితే కోపం ఏం చేసుకోను?

ఆ కోపాన్ని సాయంత్రం దాకా దాచి మావారికి ఇచ్చాను. ఆయన తాపీగా జేబులోంచి కాగితం తీసి చదివారు.

"అవును. 'డబ్బాల నల్లరంగు పోకుండా చూసుకోవలెను. నలుపు వేడిని పీల్చుకొనును, మెరుపు తిప్పికొట్టును' అని ఈడ రాసిపెట్టినారు."

"మీరు ముందే చదివారా?"

"కొన్న దినమే చదివినా."

"మరి మాకు చెప్పలేదేం?"

"మీరెవరూ అడగలేదే!"

ఆ పూటా అన్నం ఉడకలేదు, ఇక మిగిలింది రెండు రోజులు. రంగు కొని పూసినా ఆరాలి, ఆరినా దాని కంపు అన్నానికి పట్టకుండా ఉండాలి. మావారు రంగు దొరికే అంగళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెబుతున్నారు. అత్తగారు విసుక్కున్నారు.

"నలుపు కావాల, అంతే గదా? దానికి అంగడేంది? ఆముదం తీసుకోని రా."

లోతైన ప్రమిదలో ఆముదం దీపం పెట్టి, దాని మీద ఇత్తడి పళ్ళెం బోర్లించారు. పిల్లలకు కాటుక పట్టినట్టే. గంటసేపట్లో పళ్ళెం అడుగున దట్టంగా మసి చేరింది. దాన్ని గీకి, రెండు చుక్కల ఆముదం వేసి మెదిపి, డబ్బాలకు బయట వైపంతా వేళ్ళతో పూశారు. మూతలకు కూడా వదల్లేదు. పూస్తున్నంతసేపూ గొణుగుతూనే ఉన్నారు. "అరవై ఏండ్లు మసి తోమినా. ఇప్పుడు నా చేత్తోనే గిన్నెకు మసి పూయించినావు గదే. మా అమ్మ చూసుంటే చెంప పగలగొట్టుండేది."

ఏడో రోజు అన్నం ఉడికింది. ఎనిమిదో రోజు డబ్బా మూత తీసేసరికి ఆవిరి అత్తగారి కళ్ళజోడును కప్పేసింది. మామగారు తిని, చెయ్యి కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, "సరే, పోనీ" అన్నారు. అత్తగారితోనే.

జూన్‌లో చేరాను. మొదటి నెల గొంతు బొంగురుపోయింది, అరికాళ్ళు వాచాయి. ఏడో తరగతి పిల్లలు తమిళంలో గుసగుసలాడుకుని తెలుగులో నవ్వేవాళ్ళు. నాకు ఆ అలసటే ఇష్టంగా ఉండేది. ఆ పెట్టె మీద నేను పెట్టుకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. పొద్దున లేవగానే ఆకాశం వైపు చూసేదాన్ని. మబ్బు కనబడితే అది విడేదాకా గుమ్మంలోకీ ఇంట్లోకీ తిరిగేదాన్ని.

మద్రాసులో ఆకాశాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో అక్టోబరులో తెలిసింది. తుఫాను పట్టుకుంది. వరసగా మూడు రోజులు సూర్యుడు లేడు. మొదటి రోజు నాకు వేరే దారి తోచలేదు. ఎనిమిది గంటలకే కట్టెల పొయ్యి మీద అన్నం వార్చి, గిన్నెను పాత కంబళిలో చుట్టి, గంపలో పెట్టి, అత్తగారికి అప్పగించి వెళ్ళాను. ఇక ఇదే ఆఖరు అనుకున్నాను. ఆ పూట క్లాసులో ఏ రాజు ఎవరిని ఓడించాడో రెండు సార్లు తారుమారు చేశాను. పిల్లలే సరిదిద్దారు.

సాయంత్రం తడిసి ముద్దయి ఇంటికి వచ్చి, గుమ్మంలోనే, "ఏమన్నారు?" అన్నాను.

"ఏమంటారు? చారు ఇంకొంచెం పొయ్యమన్నారు."

"అన్నం సంగతి?"

"తిన్నారు."

రెండో రోజూ తిన్నారు. ఆ వానలు పోయేదాకా తిన్నారు. ఒక ఆదివారం పెట్టె మీద గోనెపట్టా కప్పి ఉంది. బడి లేకపోయినా అలవాటు కొద్దీ పొద్దున ఎనిమిదికే వండిన అన్నాన్ని పన్నెండున్నరకు నేను వడ్డించాను. ఆయన శుభ్రంగా కలుపుకుని తింటున్నారు. నేను ఆగలేకపోయాను.

"అత్తయ్యా, అన్నం చల్లారిపోయింది, ఫరవాలేదా అని అడగండి."

"కడుపులోకి పోయినాక వేడేంది, చల్లనేంది అని చెప్పు" అన్నారు మామగారు.

ఇరవై ఏళ్ళు! ఇరవై వేసవులు పట్టపగలు పన్నెండు గంటలకు ఆ మంట ముందు కూర్చున్నాను. ఎండలో పెట్టిన పెట్టె కోసం, పూసిన మసి కోసం, కాలిన కాలు కోసం ఎనిమిది రోజులు ఉపవాసం ఉన్నట్టు ఉన్నాను. ఆయన తలుచుకుంటే చల్లారినా తినగలిగే అన్నానికి నేను సూర్యుణ్ణి బతిమాలుకున్నాను. అడిగేశాను. అత్తగారి మీదుగా కాదు, సూటిగానే.

"మామగారూ, ఈ మాట ఇరవై ఏళ్ళ కిందట చెప్పకూడదా?"

అత్తగారి చేతిలో చారు గరిటె ఆగిపోయింది. మావారు విస్తరి వంక చూడడం మొదలుపెట్టారు. మామగారు మజ్జిగ పోసుకున్నారు. నిదానంగా తాగారు.

"రేపు కూడా వాన పడేట్టుండాది. బస్సు దొరకదు. బడికి కొంచెం పెందలాడే బయల్దేరమని చెప్పు."

పెందలాడే బయలుదేరాలంటే అన్నం ఏడింటికే వార్చాలి. ఆ మాట మాత్రం ఎవరూ అనలేదు. మరునాడు తెల్లవారకముందే లేచి, తడిసిన కట్టెలను ఊదుకుంటూ, పొయ్యి నేనే వెలిగించాను.