ఓబులేసు చీరలో పడ్డ నవల

1999 వానాకాలం. పేరుకే వానాకాలం. ఆ ఏడు ధర్మవరంలో మబ్బు పట్టిందంటే జనం పనులు వదిలి వీధిలోకొచ్చి చూసేవారు. అప్పటికి నేను ఒక పట్టుచీరల సావుకారు దగ్గర చెకింగ్ గుమాస్తాగా కుదిరి చాలా కాలమైంది. నేతవాళ్లు తెచ్చిన చీరను కొయ్య దండెం మీద పరిచి, కిటికీ వెలుతురుకు పట్టి, తప్పెక్కడుందో వెతకడమే చెకింగ్. పొద్దస్తమానం ఇతరుల తప్పులెంచి జీతం తీసుకునే ఉద్యోగం. ఇంటికొచ్చినా అదే బుద్ధి పోలేదని మా ఆవిడ దెప్పేది.

శ్రావణమాసం పెళ్లికి యాడికి అనే ఊరి వైపు నుంచి ఒక పెద్ద రైతు కుటుంబం ముహూర్తం చీర చెప్పింది. ఆ పని నారాయణప్ప ఇంటికి ఇచ్చాం. ఆ ఇంట్లో మూడు మగ్గాలు. ఒకదాని మీద నారాయణప్ప, ఇంకోదాని మీద ఆయన తమ్ముడు ఓబులేసు, మూడోదాని మీద నారాయణప్ప కొడుకు శేఖర్ నేసేవారు. ముగ్గురిలో బాగా చెయ్యి తిరిగినవాడు ఓబులేసు. అందుకే ముహూర్తం చీర ఆయనకే అప్పగించాం.

చీర వచ్చింది. దండెం మీద వేసి చూడగానే నా గుండె గుభేలుమంది. చీర బాడీలో అక్కడక్కడా అడ్డంగా పట్టీలు. మా పనిలో దీన్ని వెఫ్ట్ బార్ అంటారు. అడ్డంగా పేక పోగు వేసిన ప్రతిసారీ దువ్వెనలాంటి పన్నెతో దాన్ని దగ్గరికి కొట్టాలి. ప్రతి దెబ్బా ఒకే బలంతో పడితే గుడ్డ సమంగా వస్తుంది. కొంతసేపు గట్టిగా కొడితే అక్కడ నేత చిక్కబడి నీడలాంటి చార పడుతుంది. మామూలు కంటికి ఆనకపోవచ్చు గానీ పెళ్లిపందిట్లో లైట్ల కింద దాగదు.

సావుకారు కూడా కళ్లజోడు పెట్టుకుని చూశాడు.

"ఏమప్పా రమణా, ఇది ఓబులేసు చెయ్యేనా? తాగుతాండాడా ఏమన్నా?"

"ఆయన టీ కూడా తాగడు" అన్నాను.

"అయితే పోయి చూసిరా. యాడ తప్పుండాదో తెలీకుంటే ఆ ఇంటికి ఇంక పడుగు లేదు."

పడుగంటే మగ్గానికి నిలువుగా ఎక్కించే దారం. సావుకారు అది ఇవ్వనన్నాడంటే మగ్గం ఖాళీగా పడి ఉండాల్సిందే. మూడు మగ్గాలూ ఆగిపోతే ఆ ఇల్లు ఆగిపోతుంది. వాన లేని ఏడు కూలికి పోదామన్నా చేలల్లో పని ఉండదు. పెళ్లివారికి స్టాకులోంచి వేరే చీర చూపించి ఎలాగో ఒప్పించాం. వాళ్ల గండం గడిచింది. నారాయణప్ప ఇంటి గండం మాత్రం అలాగే ఉంది.

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. ఓబులేసు మగ్గం పన్నె చూశాను, పళ్లన్నీ సరిగ్గా ఉన్నాయి. పేక దారం చుట్టిన కండెలు చూశాను, దారం అంతా ఒకటే సన్నం. గాలిలో తడి లేక పట్టు పెళుసెక్కిందేమో అనుకున్నాను. కానీ అదే పట్టుతో నారాయణప్ప నేసిన గుడ్డ అద్దంలా ఉంది. శేఖర్ గుడ్డలో మాత్రం ఒకటి రెండు చోట్ల సన్నగా చారలు కనిపించాయి.

"అందరం ఒకటే గాలి పీలుస్తాండాం కదన్నా" అన్నాడు శేఖర్.

ఏమీ తోచక గుమ్మం పక్కన పీట మీద కూలబడ్డాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక శేఖర్ భార్య సరోజ ఒక పుస్తకం పట్టుకుని నా ఎదురుగా వెలుతురులో కూర్చుంది. శింగనమల పిల్ల, పది పాసైంది. మగ్గాల చప్పుడు మీద గొంతు లేపి రోజూ చదివి వినిపిస్తుందట. ఆ సేపు ఆమె వంతు కండెలు కూడా అత్త గంగమ్మే చుట్టేది, సణుగుతూనే.

అద్దె షాపులో తెచ్చిన కిడ్నాప్ నవల అది. మొదటి పేజీలోనే కాలేజీ నుంచి ఇంటికొస్తున్న అమ్మాయిని కారులో ఎత్తుకుపోతారు. ఇక అక్కడి నుంచి పరుగే పరుగు.

"ఎట్లుండాది నవల?" అని ఊరికే అడిగాను.

"ఇట్లాంటిది ఇంతవరకు పుట్టలేదప్పా!" అన్నాడు నారాయణప్ప, చెయ్యి ఆపి మరీ.

"బాగుండాది గానీ పోలీసులు మరీ దద్దమ్మలన్నా. కారు నంబరు కూడా రాసుకోరు" అన్నాడు శేఖర్.

"ఆ పిల్లకు ఇంత అన్నం పెట్టినారో లేదో రాయనే రాయడు. అదేం రాసేదో!" అంది గంగమ్మ.

ఓబులేసు మాత్రం మండిపడ్డాడు. "నవలంటారా దాన్ని? ఊపిరి తీసుకోనీడు. ఒక మనిషి ఇంకో మనిషితో నిమ్మళంగా మాట్లాడేది లేదు. ఉత్త చెత్త. నేను ఇననే ఇనను, నా పని నాది."

సరోజ చదవడం మొదలుపెట్టింది. కాసేపు ఆ అమ్మాయి తండ్రి ఫోన్ల గొడవ నడిచింది. మగ్గాలు మామూలుగా ఆడుతున్నాయి. తర్వాత అమ్మాయి గోడౌన్‌లో కట్లు ఊడదీసుకుంటుంది. తలుపు దాకా పాకుతుంది. బయట అడుగుల చప్పుడు. ఉన్నట్టుండి ఒక మగ్గం చప్పుడు మారింది. నేను తలెత్తి చూశాను. ఓబులేసు కళ్లు గుడ్డ మీదే ఉన్నాయి, పెదవులు బిగుసుకుపోయాయి, చెయ్యి మాత్రం పన్నెను ధన్ ధన్ మని బాదుతోంది. కాపలావాడు ఆమెను చూడకుండా వెళ్లిపోయాడని సరోజ చదివింది. దెబ్బ మళ్లీ మెత్తబడింది. లేచి వెళ్లి గుడ్డ చూశాను. అప్పుడే పడిన పట్టీ కొత్తగా కనిపిస్తోంది.

నాకు నవ్వాగలేదు. నోటితో తిట్టిపోసిన మనిషి చేతులతో ఆ నవలను మెచ్చుకుంటున్నాడు. మరి నారాయణప్ప గుడ్డ అంత నున్నగా ఎందుకుంది? శేఖర్‌ని అడిగితే అది కూడా తేలిపోయింది. ఆయనకు కాస్త చెవుడు. మగ్గం ఆడుతుంటే ఒక్క ముక్కా వినబడదు. రాత్రి అన్నం దగ్గర కోడలు చెప్పిన నాలుగు మాటలు పట్టుకుని, ఆమె సంతోషం కోసం నవలను ఆకాశానికెత్తుతున్నాడు.

ఇంతలో వాకిట్లో స్కూటర్ ఆగింది. ముందే ఇచ్చి ఉంచిన కొత్త పడుగును వెనక్కి తీసుకుపోదామని సావుకారే వచ్చాడు. నేను చూసింది చూసినట్టు చెప్పాను. కారణం తెలిస్తే చల్లబడతాడనుకున్నాను. ఇంకా రేగిపోయాడు.

"నవలా? నవల ఇనుకుంటా ముహూర్తం చీర చెడగొట్టినారా?"

గంగమ్మ కోడలి మీదికి తిరిగింది. "చదువులు వద్దు, కండెలు చుట్టమంటే ఇన్నావా? ఇంటికి కూడు లేకుండా చేసినావు కదే."

సరోజ ముఖం పాలిపోయింది. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. "ఇంక చదవను సావుకారూ. ఈ పుస్తకమనే కాదు, ఏదీ చదవను. పడుగు మాత్రం తీసుకపోవద్దండి" అంది. ఆ ఇంట్లో ఆ పిల్లకంటూ ఉన్నది ఆ కాసేపే. అది కూడా పోతోంది. శేఖర్ తల వంచుకున్నాడు.

ఓబులేసు మగ్గం గుంతలోంచి లేచి నిలబడ్డాడు.

"చదవనంటే ఎట్లమ్మా? ఆ పాప ఇంకా గోడౌన్‌లోనే ఉండాది. బయట కావలోడు తిరుగుతాండాడు. దాన్నట్లా ఆడనే ఇడిసిపెట్టి మనం చీరలు నేసుకుంటా కూర్చుందుమా?"

చెత్త అన్న మనిషి ఆయనే. సావుకారు ఆయన వంక తిరిగాడు.

"ఏ పాప? యాడ గోడౌన్?" అన్నాడు.

సరోజ జంకుతూ కథ చెప్పింది. సావుకారు ఒకటి రెండు ప్రశ్నలు వేశాడు. ఆ తండ్రి పోలీసులకు ఎందుకు చెప్పలేదని విసుక్కున్నాడు. తర్వాత పడుగు మూట పక్కకు జరిపి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"మగ్గాలు ఆపండప్పా. ఆ పాప బయటికొచ్చేదంక ఎవరూ పన్నె ముట్టద్దు. చదువమ్మా నువ్వు."

మగ్గాలు ఆగాయి. సరోజకు అరిచి చదవాల్సిన పని లేకపోయింది. మామూలు గొంతుతో చదివింది. నారాయణప్ప కోడలి పక్కకొచ్చి కూర్చుని, మొట్టమొదటిసారి ఆ నవలను చెవులారా విన్నాడు. అమ్మాయి వెనక గోడ దూకి రోడ్డు మీదికి వచ్చేసరికి గంగమ్మ చేతిలో కండె ఎప్పుడో ఆగిపోయింది. ఓబులేసు పై పంచెతో ముఖం తుడుచుకున్నాడు. అన్నాళ్లూ అంతగా పొగిడిన నారాయణప్ప ఒక్క మాటా అనలేదు, కోడలి తల మీద చెయ్యి వేసి ఊరుకున్నాడు.

సావుకారు లేచి దులుపుకున్నాడు. "ఉత్త పరుగే. కథేముండాది ఇందులో?" అంటూ స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు. పడుగు అక్కడే ఉంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఒక పద్ధతి పడింది. కథ నెమ్మదిగా నడుస్తుంటే మగ్గాలూ నడుస్తాయి. పరుగు మొదలైతే అందరూ చేతులు కట్టుకుని సరోజ ముందు కూర్చుంటారు. చీరల్లో మళ్లీ పట్టీలు పడలేదు.

ఎవరు రాశారో గానీ, ఆ రచయితంటే నాకు ఇప్పటికీ గౌరవమే. పోలీసులు దద్దమ్మలే కావచ్చు, అన్నం సంగతి మరిచిపోయి ఉండవచ్చు. ఎక్కడో కూర్చుని రాసిన నాలుగు వాక్యాలతో ధర్మవరంలో చెయ్యి తిరిగిన నేతగాడి చేతిని అదుపు తప్పించాడు. ఆ పని ఎంతమందికి చేతనవుతుంది? ఇక నా సంగతికొస్తే, అంతవరకు చీరలో తప్పు కనపడితే నేసినవాడి అజాగ్రత్త అనే రాసుకునేవాణ్ణి. ఆ ఇంటి నుంచి వచ్చాక, పట్టీ కనపడిన ప్రతిసారీ ముందుగా నేసినవాణ్ణి పక్కకు పిలిచి, "ఏమన్నా, ఇంట్లో అంతా బాగుండారా?" అని అడగడం నేర్చుకున్నాను. చాలాసార్లు బాగుండేవారు కాదు.