మసి కడిగిన రికార్డు

మొన్న కంఠేశ్వర్‌లో అన్న ఇంటికి పోతే, కొత్త గ్రామఫోన్ రికార్డును అట్టలోంచి తీస్తున్నాడు. అచ్చు సిరా, ప్లాస్టిక్ కలిసిన ఆ వాసన తగలగానే నేను బోధన్ చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో పదేళ్ళ పిల్లనైపోయాను. అన్న పడిచచ్చే ఇంగ్లీషు రాక్ బ్యాండు ఇన్నేళ్ళకు మళ్ళీ పాటలు కట్టి, పాత పద్ధతిలో నల్ల రికార్డు మీదే విడుదల చేసిందట. అట్ట మీద ఆ నలుగురూ తాతలైపోయి ఉన్నారు.

ఫ్యాక్టరీలో గానుగ మొదలైతేనే మాకు చలికాలం వచ్చినట్టు. ఊరంతా ఉడికే చెరుకురసం తీపి, రుద్రూర్ దిక్కు నుంచి వచ్చే చెరుకు బండ్ల వెనక ఉరికి గడలు గుంజుకోవడం, పళ్ళతో చీల్చి పెదవులు కోసుకోవడం, ఆ పెదవులతోనే బాపుకు దొరికిపోవడం. పొగగొట్టం నుంచి మాత్రం పొద్దంతా మసి రాలేది, ఆరేసిన బట్టల మీద, బియ్యం చాటలో, మా నెత్తుల మీద. అమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. ఆ నాలుగు నెలలూ అవ్వ కంటికి కనిపించిందల్లా కడిగేది.

అన్న దగ్గర ఆ బ్యాండు రికార్డు ఒక్కటే ఉండేది, హైదరాబాద్‌లో చదివే దోస్తు ఇచ్చినది. కాలేజీ నుంచి రాగానే తలుపు దగ్గరికేసుకుని, మాకు అర్థం కాని ఆ కేకల్లో మునిగిపోయేవాడు. ఒకరోజు కిటికీ మూయడం మరిచి కాలేజీకి పోయాడు. రికార్డు మీద మసి చూసి అవ్వ ఊరుకోలేకపోయింది. కుంకుడు రసంతో మెత్తగా రుద్ది కడిగి, వేల్పూర్ నుంచి అమ్మమ్మ పంపిన ఉడికిన పసుపు కొమ్ముల పక్కన, మిద్దె మీద ఎండబెట్టింది.

"నిగనిగ మెరుస్తున్నది సూడు బిడ్డా! అన్న ఖుషీ అయితడు" అని నాకు చూపించి మురిసింది.

సాయంత్రానికి అది అప్పడంలా వంకర తిరిగింది. అన్న అరవలేదు. "ఇంక నా సామాను ముట్టకు అవ్వా" అన్నాడు, అంతే. అరిచి ఉంటే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది. ఆ తర్వాత అవ్వ అన్న గది గడప దాకా ఊడ్చి, చీపురు నా చేతికిచ్చేది. అన్న అదెన్నడూ గమనించలేదు, నేనూ చెప్పలేదు.

మొన్న అన్న ఆ కొత్త రికార్డును, తన దగ్గరే ఉంటున్న అవ్వ ముందుకు చాపాడు.

"అవ్వా, గిది నువ్వే పెట్టు."

ఎనభై దాటిన అవ్వ రెండు చేతులూ గబుక్కున కొంగులో దాచుకుంది.

"అద్దు కొడుకా, ఖరాబైతది."

ఫ్యాక్టరీ మూతబడ్డాక బోధన్‌లో ఆ తీపి వాసన లేదు, బండ్ల వరుస లేదు, తిట్టుకోవడానికి మసి కూడా లేదు. వాటి కోసం అన్నా నేనూ ఎన్నోసార్లు బాధపడ్డాం. మా ఇంట్లో దేన్నైనా అడక్కుండా ముట్టుకునే అవ్వ చెయ్యి అంతకు ఎంతో ముందే పోయిందని అన్నకు మొన్ననే తెలిసింది. రికార్డు పక్కన పెట్టేసి, అవ్వ కాళ్ళ దగ్గర కూర్చుని, కొంగు కింద ఆ చేతుల కోసం వెతుక్కున్నాడు.